కొబ్బరి చిప్ప బొగ్గు: రెండు ల్యాబుల్లో రెండు లెక్కలెందుకు?

ప్రశ్న: కొబ్బరి చిప్పలతో చేసిన యాక్టివేటెడ్ కార్బన్‌కు బీఈటీ పరీక్ష (లోపలి రంధ్రాల గోడలతో సహా ఉపరితల వైశాల్యం తేల్చేది) చేయిస్తే ఒక ల్యాబులో గ్రాముకు 980 చదరపు మీటర్లు, ఇంకో ల్యాబులో 1,210 వచ్చింది. శాంపిల్ ఒకటే. ఏది నమ్మాలి? (అమలాపురం)

జవాబు: తూకం వివరాలు చూసేదాకా ఏదీ నమ్మకండి. యంత్రం కొలిచేది వైశాల్యాన్ని కాదు, మైనస్ 196 డిగ్రీల దగ్గర పొడి ఎంత నైట్రోజన్ పట్టుకుందో దాన్ని. బ్రునావర్, ఎమ్మెట్, టెల్లర్ 1938లో ఇచ్చిన సమీకరణంతో అందులో మొదటి పొర వాటా ఎంతో తేలుస్తారు. ఒక్కో అణువు 0.162 చదరపు నానోమీటర్ల చోటు తీసుకుంటుందన్న లెక్కన, సున్నా డిగ్రీలు, ఒక అట్మాస్ఫియర్ దగ్గర కొలిచిన ఒక ఘన సెంటీమీటరు నైట్రోజన్ 4.35 చదరపు మీటర్లు కప్పుతుంది. వచ్చినదాన్ని పొడి బరువుతో భాగిస్తారు. తేడాలు ఎక్కువగా ఈ భాగహారంలోనే పుడతాయి.

బొగ్గు గాలిలోని తేమను బాగా లాగుతుంది. డీగ్యాస్ చేయకముందు, అంటే వాక్యూమ్‌లో వేడిచేసి తేమ, వాయువులు తొలగించకముందు, 0.1000 గ్రాములున్న పొడిలో పది శాతం నీరుంటే అసలు బొగ్గు 0.0900 గ్రాములే. ముందటి బరువుతో భాగిస్తే 1,000 రావలసిన చోట 900 వస్తుంది. కాబట్టి డీగ్యాస్ అయ్యాకే తూచాలి.

అక్కడా ఒక మెలిక ఉంది. పొడి వేసే ట్యూబును ఖాళీగా, గాలితో తూచి, డీగ్యాస్ అయ్యాక హీలియం నింపి తూచారనుకోండి. హీలియం గాలికంటే ఘన సెంటీమీటరుకు దాదాపు ఒక మిల్లీగ్రాము తేలిక. 20 ఘన సెంటీమీటర్ల ట్యూబులో 20 మిల్లీగ్రాములు మాయం! 0.1 గ్రాము పొడి 0.08గా కనబడి, 1,000 కాస్తా 1,250 అవుతుంది. మీ రెండు అంకెల మధ్య తేడా సుమారు ఇంతే కాబట్టి, రెండో ల్యాబును ముందు ఇదే అడగండి. ఖాళీ ట్యూబులోనూ తర్వాత నింపే వాయువునే నింపి, మూతపెట్టి తూస్తే సరి.

డీగ్యాస్‌లో తొందర పనికిరాదు. వాక్యూమ్ ఒక్కసారిగా తెరిస్తే పొడి ఎగిరి ట్యూబు మెడకు అంటుకుంటుంది. 90 డిగ్రీల దగ్గర గంటసేపు నీరు పోనిచ్చి, తర్వాత 250–300 డిగ్రీలకు తీసుకెళ్లి కొన్ని గంటలుంచాలి. వాల్వు మూసినా పీడనం పెరగకపోతే పూర్తయినట్టు.

తూకం సరిగ్గానే ఉంటే, బీఈటీ సమీకరణపు సరళరేఖను ఏ పీడనాల మధ్య బిందువులతో గీశారో అడగండి. పుస్తకాల్లో సాపేక్ష పీడనం (వాయు పీడనాన్ని దాని సంతృప్త పీడనంతో, అంటే ఆ చలిలో అది ద్రవమయ్యే పీడనంతో భాగిస్తే వచ్చేది) 0.05 నుంచి 0.30 దాకా అని ఉంటుంది. రెండు నానోమీటర్లలోపు రంధ్రాలే ఎక్కువున్న ఇలాంటి బొగ్గుకు అది నప్పదు. చాలాసార్లు ఆ గీత నుంచి వచ్చే ‘సి’ విలువ (పొడి వాయువును ఎంత గట్టిగా పట్టుకుంటుందో చెప్పేది) రుణాత్మకంగా వస్తుంది, దానికి అర్థమే లేదు. పొడి పట్టుకున్న వాయు పరిమాణాన్ని (1 – సాపేక్ష పీడనం)తో గుణించి చూస్తే, ఆ లబ్ధం పెరుగుతున్నంతవరకే బిందువులు తీసుకోవాలి. సాధారణంగా ఆ పెరుగుదల సాపేక్ష పీడనం 0.1 లోపే ఆగుతుంది. ఏ బిందువులు వాడారో, ‘సి’ ఎంతో రాయని రిపోర్టుకు డబ్బు కట్టడం దండగ.

ప్రశ్న: మా సెరామిక్ పొడికి గ్రాముకు 0.4 చదరపు మీటర్లే. కొలిచిన ప్రతిసారీ వేరే విలువ. (హైదరాబాద్)

జవాబు: అర గ్రాము వేస్తే ట్యూబులో ఉన్నది 0.2 చదరపు మీటర్లే. పొడి పట్టుకున్న నైట్రోజన్ కంటే చుట్టూ ఖాళీలో మిగిలిందే ఎన్నో రెట్లు ఎక్కువ. అందులో చిన్న తప్పు దొర్లినా ఫలితం మారిపోతుంది. రెండు మూడు గ్రాములు వేసి, క్రిప్టాన్‌తో కొలిపించండి. అదే చలిలో దాని సంతృప్త పీడనం 2.5 టార్ (పీడన కొలత) మాత్రమే, నైట్రోజన్‌కైతే దాదాపు 760, అంటే ఒక అట్మాస్ఫియర్. ఖాళీలో మిగిలే వాయువు ఆ మేరకు తగ్గిపోతుంది. క్రిప్టాన్ అణువుకు ఎంత వైశాల్యం వేశారో మాత్రం అడిగి రాసుకోండి, అందరూ ఒకే విలువ వాడరు.