లంక గ్రామాలు ఏటా మునుగుతున్నా జనం ఊరెందుకు వదలరు?

గోదావరి లంకల జనం ఊరు వదలకపోవడానికి అసలు కారణం నేల. ధవళేశ్వరం దిగువన నదీపాయల మధ్య ఏర్పడిన ఈ దీవుల్లో వరద తీశాక ఒండ్రు మేట వేస్తుంది; అరటి, కొబ్బరి, కూరగాయలు తక్కువ ఎరువుతోనే బాగా పండుతాయి. వరద రోజుల్లో అవస్థంతా రాకపోకలదే. చాకలిపాలెం నుంచి కనకాయలంక వెళ్లే కాజ్‌వే (తక్కువ ఎత్తు వంతెన) వరదొస్తే మునిగిపోతుంది. బడిపిల్లలైనా, పాలక్యాన్లైనా, అరటిగెలలైనా పడవెక్కాల్సిందే. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది (మూడో ప్రమాద హెచ్చరికకు 17 లక్షలే చాలు!).

లంకలకు ముంపే పెద్ద శత్రువని చాలామంది అనుకుంటారు. కాదు, నదీకోత. మునిగిన చేను మళ్లీ తేలుతుంది. ఒడ్డు విరిగిందా, కొబ్బరిచెట్లతో సహా ఏట్లో కలిసిపోతుంది. రైతు చేతిలో ఆ భూమి పాసుపుస్తకం ఒక్కటే మిగులుతుంది.