రోల్ కేజ్ సరే, ఆసుపత్రి బిల్లు ఎవరు కడతారు?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. విజయవాడలో ప్రైవేటు ఉద్యోగం, జీతం చేతికి 61,000 వస్తుంది. భార్య, నాలుగేళ్ల పాప. కారు వాయిదా 6,400తో కలిపి ఇంటి ఖర్చు నెలకు 46,000. ఆ వాయిదాలు ఇంకా ఎనిమిది నెలలున్నాయి. రెండేళ్లుగా సెలవుల్లో బెంగళూరు, కోయంబత్తూరు వెళ్లి ఆటోక్రాస్‌లో (ఒక్కో కారూ గడియారంతో పోటీపడే పందెం) పాల్గొంటున్నాను. ఇక కార్ల ర్యాలీ పోటీలో దిగాలని ఉంది. నా 2014 స్విఫ్ట్‌కు వెల్డింగుతో బిగించే రోల్ కేజ్‌కు (కారు పల్టీ కొట్టినా లోపలివారు నలగకుండా కాపాడే పైపుల చట్రం) ఒక గ్యారేజీ 85,000, ఇంకొకటి 1.6 లక్షలు చెప్పాయి. 14 శాతం వడ్డీకి రెండేళ్ల పర్సనల్ లోను దొరుకుతోంది. రేసు సీటు, బెల్టుల కోసం నా భార్య నాలుగు కాసుల గొలుసు తాకట్టు పెడదామనుకుంటున్నాం. బ్యాంకులో 40,000 ఉంది. పోయిన ఏడాది 50 లక్షల టర్మ్ పాలసీ (జీవిత బీమా) తీసుకున్నాను. ఆఫీసుకు, పాప బడికి కూడా ఇదే కారు. ఏ కేజ్ వేయించమంటారు?

జవాబు: మీ ఉత్తరాన్ని బాగా కుదించి వేశాను. అసలు ఉత్తరంలో పైపుల గురించే రెండు పేజీలున్నాయి. ఆరోగ్య బీమా అన్న మాట మాత్రం ఒక్కచోటా లేదు. జవాబు రాయడానికి కూర్చున్నది అందుకే. ఇది మోటారు పోటీల వారికి మాత్రమే పట్టిన జబ్బు కాదు. బైకు మీద లడఖ్ బయలుదేరేవారు, పారాగ్లైడింగ్ నేర్చుకునేవారు కూడా మంచి హెల్మెట్ కొనగానే తమ ఏర్పాట్లన్నీ అయిపోయాయని అనుకుంటారు.

కారు పల్టీ కొట్టిందనుకోండి. కేజ్ బాగుంది, ప్రాణానికి ముప్పు లేదు. భుజం ఎముక విరిగింది, మూడు నెలలు ఆఫీసుకు వెళ్లలేరు. కారు బీమా ఏమైనా ఇస్తుందా? మీ పాలసీ పత్రంలో 'వినియోగ పరిమితులు' అన్న భాగం తీసి చదవండి. వ్యవస్థీకృత రేసులకు, వేగ పరీక్షలకు వాడితే పాలసీ వర్తించదని అక్కడే ఉంటుంది. పర్సనల్ యాక్సిడెంట్ పాలసీలలోనూ చాలావాటికి ఇదే మినహాయింపు. ఆరోగ్య బీమాలో, సాహస క్రీడల్లో వృత్తిగా పాల్గొని గాయపడితే ఆ ఖర్చు చెల్లించరు. ఆ క్రీడల జాబితాలో మోటారు రేసింగ్ పేరు స్పష్టంగా ఉంది. మీది సరదానా, వృత్తా? ప్రవేశ రుసుము కట్టి, నగదు బహుమతి తీసుకుంటే కంపెనీ దాన్ని ఏ లెక్కలో వేస్తుంది? ఈ ప్రశ్న ఇప్పుడే ఈమెయిలులో అడిగి, జవాబు రాతపూర్వకంగా తెప్పించుకోండి. కాల్ సెంటరు అమ్మాయి 'పరవాలేదు సార్' అన్నదాన్ని లెక్కలోకి తీసుకోకండి. పోటీ నిర్వాహకుల బీమా ఉంటే దాని నకలు అడగండి, ఆసుపత్రి ఖర్చుకు ఎంత ఇస్తారో అంకెల్లో చూడండి.

టర్మ్ పాలసీ సంగతి ఇంకా ఇబ్బందికరం. రెండేళ్లుగా ఆటోక్రాస్ నడుపుతూ పోయిన ఏడాది పాలసీ తీసుకున్నారు. ప్రమాదకరమైన అలవాట్లు, క్రీడలు ఉన్నాయా అన్న ప్రశ్నకు 'లేవు' అని టిక్కు పెట్టారా? పెట్టి ఉంటే వెంటనే కంపెనీకి రాయండి. బీమా చట్టం 45వ సెక్షను ప్రకారం మూడేళ్లు దాటాక పాలసీని ప్రశ్నించలేరు. మీకు ఇంకా ఏడాదే అయింది. ప్రీమియం కొంత పెంచుతారేమో, పెంచనివ్వండి. దాచిపెట్టిన పాలసీ పట్టుకుని మీ భార్య ఆఫీసుల చుట్టూ తిరగడం కన్నా అది చవక.

ఇక అప్పు. 1.6 లక్షలకు 14 శాతం చొప్పున రెండేళ్లకు నెలవారీ వాయిదా సుమారు 7,680. వడ్డీ 24,000 పైమాటే. అంతకన్నా పెద్ద నష్టం ఇంకోచోట ఉంది. నేను ఎప్పుడూ చెప్పేది ఆరు నెలల ఖర్చుకు సరిపడా అత్యవసర నిధి. మీ 46,000 ఖర్చుకు అది 2.76 లక్షలు. ఈ వాయిదా చేరగానే 3.22 లక్షలవుతుంది. మీ దగ్గరున్నది 40,000. అంటే ప్రమాదం జరిగే అవకాశాన్ని కొని తెచ్చుకుంటూ, ఆ ప్రమాదాన్ని తట్టుకునే నిధి ఇంకా దూరమయ్యేలా చేసుకుంటున్నారు. జీతం ఆగిన నెలలో ఆ 40,000 చివరిదాకా కూడా రాదు. గొలుసు తాకట్టు గురించి మాత్రం నన్ను అడగవద్దు. గడువు తేదీ ఉండే సీటు కోసం బంగారం తాకట్టు పెట్టడమా? ఎఫ్ఐఏ (అంతర్జాతీయ మోటారు క్రీడల సమాఖ్య) 8855-1999 ప్రమాణం సీటుకు అయిదేళ్లే ఆయుష్షు.

కేజ్ గురించి అడిగారు కాబట్టి, ర్యాలీలు నడిపే నా క్లయింటు ఒకరు చూపించిన రెండు విషయాలు చెబుతాను. 85,000 చెప్పిన గ్యారేజీకి వెళ్లి కోసిన పైపు ముక్క అడగండి. లోపల వేలు పెట్టి చుట్టూ తిప్పండి. నిలువునా గీత తగిలితే అది అతుకు పైపు. ఎఫ్ఐఏ నిబంధన అడిగేది అతుకు లేని, కోల్డ్ డ్రాన్ (వేడి చేయకుండా సాగదీసిన) ఉక్కు పైపు. డ్రైవరు వెనక నిలిచే ప్రధాన కమాను 45 మిల్లీమీటర్ల వ్యాసం, 2.5 మందం గానీ, 50 వ్యాసం, 2 మందం గానీ ఉండాలి. కేజ్ పాదాల కింద 3 మిల్లీమీటర్ల మందం, 120 చదరపు సెంటీమీటర్ల పలక లేకపోతే పల్టీ కొట్టినప్పుడు పైపు నేల రేకును చీల్చుకుని కిందికి దిగుతుంది. రెండోది, పైకప్పుకు ఆనుకుని ఉండే అతుకును పైవైపు ఎలా వెల్డ్ చేస్తారని అడగండి. పనితనం ఉన్నవారు కారు నేల రేకుకు రంధ్రాలు చేసి, కేజ్‌ను కిందికి దించి, పైభాగం చుట్టూ వెల్డ్ చేశాక తిరిగి పైకి లేపుతారు. మిగతావారు కంటికి కనిపించేంత వరకే అతికి రంగు వేసేస్తారు. ఏ పైపూ కోయకముందే మీరు దిగబోయే పోటీకి ఎఫ్ఎంఎస్‌సీఐ (మన దేశ మోటారు క్రీడల సమాఖ్య) నిబంధనలు ఏమంటున్నాయో చూసుకోండి.

ఒకసారి వెల్డ్ అయితే అది ఇక ఇంటి కారు కాదు. హెల్మెట్ లేని తలకు ఆ పైపు ఇనుప గుంజే. స్పాంజి చుట్టినా పాపను బడికి తీసుకెళ్లే బండిలో దానికి చోటు లేదు. తయారీదారు నిర్దేశించిన దానికి భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహన చట్టం 52వ సెక్షను అంటుంది, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. పైగా కారు ఇంకా మీ ఫైనాన్సు సంస్థకు తాకట్టులో ఉంది. అంటే ఇంటికి ఇంకో బండి కావాలి. ఆ ఖర్చు మీ లెక్కలో ఎక్కడా లేదు.

అప్పు లేకుండా లెక్క చూడండి. నెలకు 15,000 మిగులుతుంది. ఎనిమిది నెలల్లో 1.2 లక్షలు, ఉన్నదాంతో కలిపి 1.6 లక్షలు. అప్పటికి కారు వాయిదాలు అయిపోతాయి, ఖర్చు 39,600కు దిగుతుంది, కావలసిన నిధి 2.38 లక్షలే. నెలకు 21,400 చొప్పున నాలుగు నెలల్లో అది నిండుతుంది. ఆ తర్వాత ఎనిమిది నెలలకు 1.6 లక్షలు నగదుగా చేతిలో ఉంటాయి. మొత్తం ఇరవై నెలలు. మీరు తీసుకుందామన్న లోను తీరడానికి ఇరవైనాలుగు.

ఈలోగా ర్యాలీ ఎలా ఉంటుందో చూడాలనుకుంటే, కేజ్ ఉన్న కారు ఒక పోటీకి అద్దెకు దొరుకుతుందేమో వాకబు చేయండి. బోల్టులతో బిగించే కేజ్ కొంత చవక, కానీ పైన చెప్పిన బీమా ఇబ్బందులన్నీ దానికీ ఉన్నాయి. ఆ గ్యారేజీకి ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చి ఉంటే అడిగి చూడండి. తిరిగి ఇవ్వకపోతే వదిలేయండి, అది పోతుందన్న బాధతో మాత్రం లోను కాగితాల మీద సంతకం చేయకండి.