గోదావరి గట్టున ఇల్లు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: నేనూ మావారూ ఉపాధ్యాయ వృత్తి నుంచి విరమించి హైదరాబాదులో ఉంటున్నాం. మా పుట్టిల్లు, అత్తవారిల్లు రెండూ గోదావరి పక్కనే కాబట్టి, ఇక మీదట ధవళేశ్వరం ప్రాంతంలో స్థిరపడాలని ఉంది. రెండు స్థలాలు చూశాం. మొదటిది ఏటిగట్టు దాటాక నది వైపు, కొబ్బరి, మామిడి చెట్ల మధ్య 300 గజాలు. వరండాలో కూర్చుంటే నీళ్లు కనిపిస్తాయి, ధర కూడా చాలా తక్కువ. రెండోది గట్టుకు ఇవతల, కడియం వెళ్లే దారిలో నర్సరీల మధ్య వేసిన కొత్త లేఅవుట్‌లో 200 గజాలు. పుష్కరాల నాటికి ధర రెట్టింపవుతుందని మధ్యవర్తి తొందర పెడుతున్నారు. మమ్మల్ని ఏది కొనమంటారు?
– ఒక పాఠకురాలు, హైదరాబాదు

జవాబు: మొదటి స్థలం ఎంత తక్కువకు వచ్చినా కొనకండమ్మా. వరండాలోంచి గోదావరి కనిపించే చోటును వదులుకోవడం ఎంత కష్టమో ఆ గట్టు మీద ఏళ్ల తరబడి పొద్దున్నే నడిచిన నాకు తెలుసు. అందుకే ఈ మాట ముందే చెబుతున్నాను.

గట్టుకూ నీటికీ మధ్యనున్న నేల వేసవిలో పొడిగా, పచ్చగా, ఇల్లు కట్టుకోవడానికి అన్ని విధాలా అనువుగా కనిపిస్తుంది గాని, అది వరద పారడానికి విడిచిపెట్టిన దారి. ధవళేశ్వరం కాటన్ బ్యారేజీ వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది జారీ చేస్తారు. మొదటి హెచ్చరిక నాటికి సుమారు 10 లక్షల క్యూసెక్కులు (సెకనుకు ఇన్ని ఘనపుటడుగుల నీరు), మూడో హెచ్చరిక నాటికి సుమారు 17 లక్షల క్యూసెక్కులు దిగువకు పోతుంటాయి. 2022 జూలైలో ఆ ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. 1986 ఆగస్టులో 35 లక్షల దాకా వచ్చింది. మీరు చూసిన మామిడి చెట్ల మొదళ్లను కాస్త పరిశీలనగా చూస్తే, పాత వరదలు వదిలి వెళ్లిన ఒండ్రు గుర్తులు బెరడు మీద ఇప్పటికీ కనిపించవచ్చు.

బ్యారేజీ ఉంది కదా, వరదను అదే ఆపుతుందిలే అని మధ్యవర్తులు చెప్పడం నేను చాలాసార్లు విన్నాను. అది పొరపాటు. 1852 నాటికి కాటన్ దొర పూర్తి చేసిన ఆనకట్ట గాని, దాని స్థానంలో తరువాత కట్టిన నేటి బ్యారేజీ గాని, నీటిని కాలువలకు మళ్లించడానికి కట్టినవే తప్ప వరదను నిలవ చేయడానికి కట్టినవి కావు. పెద్ద వరద వచ్చినప్పుడు ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం భాగాల్లోని 175 గేట్లనూ పైకెత్తి వచ్చిన నీటిని వచ్చినట్టే వదిలేస్తారు.

ఇక కాగితాల సంగతి. గట్టుకు నది వైపున ఉన్న నేలలో కొంత జిరాయితీ (సొంత పట్టా భూమి), కొంత లంక భూమి (నది మేట వేసిన నేల), కొంత ఏటి పోరంబోకు (ప్రభుత్వ నేల), కొంత పేదలకు సాగు కోసం ఇచ్చిన డి-పట్టా భూమి. ఈ నాలుగూ పక్కపక్కనే ఉంటాయి. కంటితో చూస్తే తేడా తెలియదు. పేదలకు కేటాయించిన భూమి చేతులు మారకుండా 1977 నాటి చట్టం కట్టడి చేసింది. ఆ తరువాత వచ్చిన సడలింపులు ఏ భూమికి ఎంతవరకు వర్తిస్తాయో తహసీల్దారు కార్యాలయం రాతపూర్వకంగా చెప్పాలి గాని, అమ్మేవారు నోటితో చెబితే సరిపోదు. సర్వే నంబరు తీసుకుని పాత రెవెన్యూ రికార్డు అయిన ఆర్‌ఎస్‌ఆర్‌లో ఆ నేలను ఏమని రాశారో, అది రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22-ఎ నిషేధిత జాబితాలో ఉందో లేదో చూడాలి. భూమి నిక్కమైన జిరాయితీయే అని తేలినా ఇల్లు కట్టే హక్కు దానంతట అదే రాదు. రాష్ట్ర భవన నిర్మాణ నియమాల ప్రకారం పురపాలక పరిధిలో నది అంచు నుంచి 50 మీటర్లు, పరిధి వెలుపల 100 మీటర్ల లోపు కట్టడం కుదరదు. ఆ అంచు ఎక్కడో జలవనరుల, రెవెన్యూ శాఖలు నిర్ణయిస్తాయి. మీకు ఆ ధర తక్కువగా ఎందుకు వచ్చిందో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

రెండో స్థలం విషయంలో నాకు అంత భయం లేదు గాని, దాన్ని కూడా కళ్లు మూసుకుని కొనవద్దంటాను. గట్టుకు ఇవతల ఉన్నవారికి ఆగస్టులో వచ్చే ఇబ్బంది నది నీటి వల్ల కాదు, వాననీటి వల్ల. గోదావరి నిండుగా పారుతున్నప్పుడు నది నీరు ఊళ్లోకి ఎదురెక్కకుండా మురుగు కాలువల తూములను మూసేస్తారు. అదే సమయంలో ఇక్కడ గట్టి వాన పడితే నీరు పోవడానికి దారి ఉండదు. పల్లపు వీధుల్లో మోకాటి లోతున నిలుస్తుంది, పంపులు పెట్టి తోడాల్సి వస్తుంది. కాబట్టి స్థలం దగ్గర నిలబడి ఏటిగట్టు ఎంత ఎత్తున ఉందో చూడటంతో సరిపెట్టుకోకండి. ఆ వీధి నీరు ఏ బోదెలోకి (చిన్న కాలువలోకి), ఆ బోదె నీరు ఏ మురుగు కాలువలోకి, ఆ కాలువ నీరు ఎక్కడికి పోతుందో చివరిదాకా నడిచి చూడండి. పాతవారు ఆ నేలను ‘ఆవ’ అని పిలుస్తున్నారేమో వాకబు చేయండి. ఆ పేరు ఉందంటే అది పల్లపు నేల అని పూర్వీకులు మనకు చెప్పి పోయినట్టే. లేఅవుట్ వేసినవారు ఎర్రమట్టి తోలి ఎత్తు చేసి ఉంటే, ఆ మట్టి కింద ఏముందో ఇల్లు కట్టేముందు భూసార పరీక్ష చేసేవారి చేత కాక, పునాదుల కోసం నేల పరీక్ష చేసేవారి చేత చూపించండి. ఏటి వైపు ఇసుక కలిసిన ఒండ్రు, కాస్త లోపలికి వస్తే నల్లరేగడి తగులుతాయి. రేగడి వానకు ఉబ్బి ఎండకు బీటలు తీస్తుంది కాబట్టి అక్కడ పునాది ఖర్చు పెరుగుతుంది.

చెట్ల విషయం కూడా చెప్పాలి. మీకు ఆ స్థలం నచ్చడానికి చుట్టూ ఉన్న పచ్చదనమే సగం కారణమని మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది. అయితే ఆ పచ్చదనంలో మీది ఎంత? కడియం పరిసరాల్లో కనిపించే మొక్కల వరసలు నర్సరీ రైతుల సరుకు. అవి లారీలెక్కి దూరప్రాంతాలకు పోవడానికే పెరుగుతున్నాయి, వాటిలో చాలా మటుకు కౌలు నేలల్లో ఉన్నవి. ఈ ఏడాది మీ కిటికీ ఎదుట బంతిపూల మడి ఉన్నచోట రెండేళ్లకు మరో లేఅవుట్ హద్దు రాళ్లు రావచ్చు. నిజానికి మీ లేఅవుట్ కూడా నిన్నటిదాకా ఒక నర్సరీయే అయివుంటుంది. అందుచేత ఎదుటివారి తోటకు ధర కట్టి కొనకండి. రోడ్డు వెంబడి చెట్లు నాటారా, పార్కు కోసం వదిలిన స్థలాన్ని స్థానిక సంస్థకు రిజిస్టరు చేసి అప్పగించారా, మీ 200 గజాల్లో రెండు పెద్ద చెట్లకు చోటుంటుందా అనేవి చూసుకోండి. మామూలుగా ఎవరూ చేయని ఒక పని చేయమని కూడా కోరుతున్నాను: బయానా ఇచ్చే ముందు, ఆగస్టులో వాన కురిసిన మర్నాడు ఒకసారి, కాలువలు కట్టేసిన మే నెలలో ఒకసారి వెళ్లి ఆ వీధిని, పక్కింటి నూతిని చూడండి.

లేఅవుట్ 500 చదరపు మీటర్లకు మించి గాని, ప్లాట్లు ఎనిమిదికి మించి గాని ఉంటే రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నమోదు తప్పనిసరి. ఆ నంబరు అడిగి, ఆమోదించిన నక్షాలో మీ ప్లాటు నంబరు ఉందో లేదో చూసి, కనీసం 30 ఏళ్ల ఈసీతో (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లను చూపే పత్రంతో) పాటు, పాత యజమానుల నుంచి చేతులు మారిన లింకు దస్తావేజులన్నీ న్యాయవాదికి ఇవ్వండి.

పుష్కరాలు 2027లో వస్తున్న మాట నిజమే. 2015లో కూడా ఇదే మాట చెప్పి చాలామంది చేత తొందరపడి కొనిపించారు. మీరు కొంటున్నది ఉండడానికి కదా. మీకు ఒక వానాకాలం ఆగే ఓపిక ఉంది, ఆగండి.

ప్రశ్న: అమెరికాలో స్థిరపడిన ఒకరికి ధవళేశ్వరంలో కాలువ ఒడ్డున పాత పెంకుటిల్లు ఉంది. ఆయన రాలేరనీ, ఆయన బావమరిది పేర జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ (జీపీఏ, యజమాని తరఫున వ్యవహరించే అధికార పత్రం) ఉందనీ, దాని మీదే ఇల్లు మాకు స్వాధీనం చేస్తామనీ అంటున్నారు. కొనవచ్చా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: పవర్ కాగితం చేతిలో పెట్టి తాళం చెవి ఇస్తే ఇల్లు మీది కాదు. జీపీఏ ద్వారా యాజమాన్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లో స్పష్టం చేసింది. అయితే చెల్లుబాటు అయ్యే పవర్ ఉన్న వ్యక్తి, యజమాని తరఫున మీ పేర విక్రయ దస్తావేజు రిజిస్టరు చేయవచ్చు. మీరు పట్టుబట్టవలసింది దానికే. విదేశంలో రాసిన పవర్‌ను అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించి, మన దేశానికి చేరిన 3 నెలల లోపు ఇక్కడ స్టాంపు రుసుము చెల్లించి ఉండాలి. అందులో అమ్మే అధికారం, సొమ్ము తీసుకునే అధికారం విడివిడిగా రాశారో లేదో చూడండి. యజమాని బతికి ఉన్నారనీ, పవర్‌ను రద్దు చేయలేదనీ ఆయనతోనే వీడియోలో మాట్లాడి నిర్ధారించుకోండి. సొమ్ము ఆయన ఖాతాకే పంపండి.

పన్ను విషయంలో చాలామంది ఇక్కడే దెబ్బతింటున్నారు. అమ్మేవారు ఇక్కడ నివసించేవారైతే, ధర 50 లక్షలు లేదా అంతకు మించినప్పుడు కొనేవారు ఆ ధరలో 1 శాతం పన్నుగా కోసి ప్రభుత్వానికి కట్టాలి. అమ్మేవారు ప్రవాసులైతే ఆ 50 లక్షల పరిమితీ వర్తించదు, 1 శాతమూ సరిపోదు. ఎక్కువ శాతం కోయాలి, కోయకపోతే బాధ్యత మీ మీద పడుతుంది. తక్కువ కోయడానికి ఆదాయపు పన్ను శాఖ నుంచి ధ్రువపత్రం తెచ్చుకునే వీలు ఆయనకు ఉంది. ఒప్పందం రాసుకోకముందే ఆడిటర్‌ను కలవండి.

ప్రశ్న: కొవ్వూరు దగ్గర కొన్న స్థలంలో మూడు ముసలి మామిడి చెట్లున్నాయి. మేస్త్రి మూడూ కొట్టేయమంటున్నారు. మాకు మనసు ఒప్పడం లేదు.
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: మీ మనసు చెప్పింది వినండమ్మా. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం ప్రకారం చెట్టు కొట్టాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. అదలా ఉంచితే, మీది రేగడి నేల అయితే చెట్లు కొట్టడం వల్ల కూడా నష్టం ఉంది. పెద్ద చెట్టు ఏళ్ల తరబడి నేలలోని తేమను పీల్చి ఆ మట్టిని కుంచించి ఉంచుతుంది. దాన్ని కొట్టేసి వెంటనే పునాది వేస్తే, తేమ తిరిగి చేరి మట్టి ఉబ్బి, గోడలు పగలవచ్చు. చెట్టుకు మరీ దగ్గరగా కట్టినా ఎండాకాలంలో పునాది కిందికి కుంగే ప్రమాదం ఉంది. ఇంజనీరు చేత నేల పరీక్ష చేయించి, ఇంటిని స్థలంలో ఒక పక్కకు జరిపి గీయించండి. మూడింటిలో ఒకటి తప్పనిసరిగా పోవలసి వస్తే, అనుమతి తీసుకుని వేసవిలో కొట్టించి, ఒక వానాకాలం గడిచాక ఆ చోట పునాది తవ్వించండి.