బ్లాక్ టై డిన్నర్ ఇస్తుంటే ముందు ఆహ్వానం సంగతి చూసుకోండి

మీ అమ్మానాన్నల పెళ్లిరోజుకి బ్లాక్ టై డిన్నర్, అంటే అతిథులంతా ఒక పద్ధతి ప్రకారం లాంఛనమైన దుస్తుల్లో రావాల్సిన రాత్రి విందు, ఇవ్వాలనుకుంటున్నారు, పద్ధతులేమిటి, ఏమేం చేయొచ్చు అని మీరు అడిగారు. మూడేళ్ల క్రితం మా నాన్న రిటైరైనప్పుడు నేనూ ఒకటి ఇచ్చాను. అంతకుముందు నాలుగైదు వాటికి అతిథిగా వెళ్లాను. పూలు, సంగీతం, మెనూ అన్నీ తర్వాత. ముందు ఆలోచించాల్సింది ఆహ్వానం గురించే.

నేను కార్డు మీద "బ్లాక్ టై" అని రెండు ముక్కలు వేసి ఊరుకున్నాను. మా బాబాయి ఆ మాటని ఉన్నదున్నట్టు తీసుకుని, మామూలు సూటు మీద పొడవాటి నల్ల టై కట్టుకుని వచ్చారు. లోపల అందరివీ బో టైలే, మెడ దగ్గర సీతాకోకచిలుకలా ముడి వేసే పొట్టి టైలు. గుమ్మం దగ్గరే ఆయన చెయ్యి టై ముడి మీదికి వెళ్లింది. రాత్రంతా దాన్ని తడుముకుంటూనే ఉన్నారు. ఫొటోకి పిలిస్తే వెనక వరసలోకి జరిగిపోయారు. తప్పు ఆయనది కాదు, నాది. ఆ ఫొటో చూసినప్పుడల్లా ఇప్పటికీ బాధేస్తుంది.

కాబట్టి కార్డులో వివరంగా రాయండి. మగవాళ్లకి నల్ల డిన్నర్ జాకెట్ (కాలరు పట్టులా మెరిసే కోటు), తెల్ల చొక్కా, నల్ల బో టై, నల్ల బూట్లు. లేనివాళ్లు ముదురు రంగు సూటు వేసుకోవచ్చని కూడా చేర్చండి. ఆడవాళ్లకి పాదాల దాకా ఉండే గౌను, లేదా తమ సంప్రదాయ దుస్తుల్లో పెద్ద వేడుకకి కట్టుకునేవి. కార్డు పంపి ఊరుకోకుండా పెద్దవాళ్లకి ఫోన్ చేసి చెప్పండి. గుమ్మం దగ్గర ఓ నాలుగు బో టైలు అదనంగా పెట్టుకోండి.

ఇంత బిగుసుగా కనిపించే ఈ డ్రెస్ పుట్టిందే సౌకర్యం కోసం. 1865లో ఇంగ్లండు యువరాజు, తర్వాత ఏడవ ఎడ్వర్డ్ అయిన ఆయన, ఇంట్లో భోజనాలకి వెనక తోకలా వేలాడే పొడవాటి తోక కోటు బదులు పొట్టి జాకెట్ కావాలని లండన్‌లోని హెన్రీ పూల్ దర్జీలతో కుట్టించుకున్నారు. న్యూయార్క్ దగ్గరి టక్సీడో పార్క్‌ నుంచి అమెరికాలో దానికి టక్సీడో అనే పేరొచ్చింది. తోక కోటు, తెల్ల బో టై ఇప్పటికీ ఉన్నాయి, కానీ అది వైట్ టై, ఇంకో మెట్టు పైన.

డ్రెస్‌లో చాలామంది తడబడేవి కొన్నే. ప్యాంటుకి బెల్టు పెట్టకూడదు, కావాలంటే సస్పెండర్లు, అంటే భుజాల మీదుగా ప్యాంటుని పట్టి ఉంచే పట్టీలు. నడుముకి చుట్టే మడతల గుడ్డ పట్టీ, అదే కమ్మర్‌బండ్ కడితే మడతలు పైకి చూడాలి. కూర్చునేటప్పుడు జాకెట్ గుండీ విప్పాలి. నల్లకి బదులు మిడ్‌నైట్ బ్లూ కూడా బాగుంటుంది, లైట్ల కింద అది నలుపు కన్నా నల్లగా కనిపిస్తుంది. బో టై కట్టడానికి టెన్షన్ పడకండి. అది బూటు లేసు ముడే. మెడ మీద కుదరకపోతే కూర్చుని మోకాలి పైన తొడకి కట్టి చూడండి, చుట్టుకొలత దాదాపు మెడంతే ఉంటుంది, చేతులూ కనిపిస్తాయి. నేను అలాగే నేర్చుకున్నాను. రెండు రెక్కలూ కాస్త వంకరగా వచ్చినా ఫరవాలేదు, చేత్తో కట్టినదని తెలుస్తుంది.

టేబుల్ దగ్గర: ఎడమ పక్క బ్రెడ్ ప్లేటు మనది, కుడి పక్క గ్లాసులు మనవి. ఫోర్కులు, కత్తులు బయటి నుంచి లోపలికి వాడుకుంటూ రావాలి. ఎవరెక్కడ కూర్చోవాలో చూపే పేరు కార్డుని ఎవరూ మార్చకూడదు. అందుకే కార్డులు పెట్టేటప్పుడు ఒంటరిగా వచ్చేవాళ్లని, కలుపుగోలుగా మాట్లాడేవాళ్ల పక్కన వేయండి. నేను గంటసేపు కాగితం మీద గీసుకున్నాను, ఆ శ్రమ ఫలించింది. పూలు కూర్చున్నవాళ్ల కంటి కంటే కిందుగా ఉండాలి, లేకపోతే ఎదుటివాళ్ల ముఖం కనిపించదు. సంగీతం కూడా అంతే, పక్కవాళ్ల మాటకి అడ్డు రాకూడదు.

టోస్ట్, అంటే ఒకరి గౌరవార్థం నాలుగు మాటలు చెప్పి అందరూ గ్లాసులెత్తడం, మొదలుపెట్టే ముందు అమ్మానాన్నలకి ఒక మాట చెప్పి ఉంచండి. తమ పేరు మీద గ్లాసులెత్తినప్పుడు వాళ్లు కూర్చునే ఉండాలి, తాము తాగకూడదు. మా నాన్నకి నేను చెప్పడం మర్చిపోయాను, అందరితో పాటు లేచి గ్లాసెత్తేశారు. నా పక్కన కూర్చున్న మా అమ్మ ఆయన మోచెయ్యి పట్టుకుని మెల్లగా కూర్చోబెట్టింది.