గాలిలోని కార్బన్‌ని వెనక్కి తీయడం: మిషన్ల కంటే ముందు కంది కట్టె సంగతి చూద్దాం

మీరు అడిగింది ఇది: "గాలిలో ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ని మిషన్లతో లాగేస్తే వాతావరణ మార్పు ఆగుతుందా? మన దేశానికి అలాంటివి పనికొస్తాయా?"

ఒక్క మిషన్లతోనే అయితే ఆగదు. కానీ గాలిలోంచి కార్బన్‌ని తీసే పని తప్పనిసరి. ఆ పనిని మన దగ్గర రేపటి నుంచే మొదలుపెట్టొచ్చు, అదీ కంది కట్టెని, పత్తి కట్టెని బయోచార్ అనే బొగ్గుగా మార్చి మట్టిలో కలపడంతో. నేను జీడిమెట్లలో ఏళ్ళ తరబడి బాయిలర్ల దగ్గర పనిచేసినవాణ్ణి. పొగ రంగు చూసి లోపల మంట ఎలా ఉందో చెప్పగలను. ఆ అనుభవంతోనే రాస్తున్నాను.

ముందు మిషన్ల లెక్క చూడండి. ఐస్‌లాండ్‌లో క్లైమ్‌వర్క్స్ అనే కంపెనీ 2024లో మామత్ అనే ప్లాంట్ మొదలుపెట్టింది. ఏడాదికి 36,000 టన్నులు తీయాలని దాన్ని డిజైన్ చేశారు. బొగ్గు, పెట్రోలు, గ్యాస్, సిమెంటు కలిపి ప్రపంచం ఏడాదికి వదిలేది దాదాపు 3,700 కోట్ల టన్నులు. భాగించి చూసుకోండి. ఆ ప్లాంట్ పూర్తి సామర్థ్యంతో ఏడాదంతా నడిచినా, మనం అర నిమిషంలో వదిలేదాన్ని మాత్రమే తీయగలదు. ఎందుకంత కష్టమంటే, గాలిలో పదివేల అణువులు తీసుకుంటే అందులో నాలుగే కార్బన్ డయాక్సైడ్‌వి. ఆ నాలుగింటి కోసం మొత్తం గాలిని ఫ్యాన్లతో తోలాలి, ఫిల్టర్లని వేడి చేయాలి, దానికి బోలెడంత కరెంటు కావాలి. ఆ ప్లాంట్‌కి భూమి లోపలి వేడితో తయారైన కరెంటు అందుతుంది కాబట్టి అక్కడ నడుస్తుంది. మన కరెంటులో ఎక్కువ భాగం ఇంకా బొగ్గుదే. ఒక పక్క బొగ్గు కాలుస్తూ, ఆ కరెంటుతోనే ఇంకో పక్క గాలిని వడగడతామంటే నేనైతే ఒప్పుకోను.

మరి తీసే పని ఎందుకు తప్పదంటే, దానికి మా అక్కావాళ్ళ ఊరి పక్కనే జవాబుంది. వాళ్ళది తాండూరు వైపు. అక్కడ నాపరాయి క్వారీలున్నాయి, సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. స్వచ్ఛమైన సున్నపురాయిని 100 కిలోలు కాలిస్తే 56 కిలోల సున్నం మిగులుతుంది, 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. బట్టీని సోలార్ కరెంటుతో వేడి చేసినా ఆ 44 కిలోలు రాక తప్పదు, ఎందుకంటే అది రాయిలో ఉన్నదే. కోకాపేటలో లేచే ప్రతి టవర్‌లోనూ ఈ లెక్క ఉంటుంది. పైగా పాత బాకీ ఉండనే ఉంది. 1958లో హవాయిలోని మౌనా లోవా మీద కొలవడం మొదలుపెట్టినప్పుడు పది లక్షల భాగాల గాలిలో 315 భాగాలున్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది. నెట్ జీరో, అంటే వదిలేదీ తీసేదీ సమానమయ్యే స్థితి, చేరాలంటే గాలిలోంచి తీయడం తప్పదని ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్రవేత్తల సంఘం ఐపీసీసీ 2022 నివేదికలోనే స్పష్టంగా రాసింది. ఇంకా "అవసరమా, కాదా" అని చర్చలు పెట్టేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఇక కంది కట్టె సంగతి. తాండూరు కందిపప్పుకి 2022లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చిందని అందరికీ తెలుసు. పప్పు బస్తాల్లో ఊరు దాటాక కట్టె ఏమవుతుందో ఎవరూ అడగరు. మా చిన్నప్పుడు కంది కట్టె ఊరికే పోయేది కాదు. పొయ్యిలోకి అదే, దడికి అదే, గంపలు అల్లడానికీ అదే. ఇప్పుడు ఇంటింటికీ గ్యాస్ వచ్చింది, గంపలు ప్లాస్టిక్‌వి అయ్యాయి, దడి స్థానంలో తీగ కంచె వచ్చింది. కట్టెని పొలంలోంచి మోయించాలంటే కూలీ ఖర్చే ఎక్కువ. అందుకని వేసవి దుక్కికి ముందు కుప్ప పోసి అగ్గి పెడతారు. ఇందులో రైతుని తప్పుపట్టడానికి ఏమీ లేదు.

ఒక ఏడు శివరాత్రి దాటాక మా బావని ఒప్పించి చెలక గట్టున గుంత తవ్వించాను. పైన వెడల్పు, కింద ఇరుకు, లోతు నడుము దాకా. బావ గడ్డపార పక్కన పెట్టి, "కట్టె కాలవెట్టనీకి హైదరాబాద్ నుంచి రావాల్నా? మా కాడ అగ్గిపెట్టె లేదా?" అన్నాడు. "కాల్చడం మీకొచ్చు బావా, మధ్యలో ఆపడం చూపిస్తా" అన్నాను.

గుంత అడుగున సన్న పుల్లలు వేసి, నిప్పు పై నుంచి పెట్టాలి. ఇదే కీలకం. మంట పైన ఉంటే కింద కట్టెలోంచి లేచే పొగ ఆ మంటలోనే కాలిపోతుంది. లోపలికి పోవాల్సిన గాలిని కూడా మంటే తినేస్తుంది కాబట్టి కింద ఉన్నది బూడిద కాకుండా బొగ్గుగా నిలుస్తుంది. పై వరసకి తెల్లటి బూడిద పొర పట్టడం మొదలవగానే ఇంకో వరస వేయాలి. ఆలస్యం చేస్తే బూడిదే, తొందరపడితే పొగే. పక్క పొలం ఆయన మంట చూసి పరిగెత్తుకొచ్చాడు గానీ, ఇంత మంటకి పొగ లేదేమిటని అక్కడే నిలబడిపోయాడు. గుంత నిండాక బోరు పైపు పట్టి తడిపేశాం. చల్లారాక ఒక ముక్క విరిస్తే ఫట్‌మని విరిగింది. చేతికంటిన మసి ఒట్టి నీళ్ళతో పోయింది. జిడ్డుగా ఉంటే మాత్రం లోపల తారు మిగిలినట్టు, అది పొలానికి పనికిరాదు.

దీన్నే బయోచార్ అంటారు. కట్టెని బయట కాలిస్తే దాంట్లోని కార్బన్ దాదాపు అంతా ఆ గంటలోనే గాలిలోకి పోతుంది, కుళ్ళితే కొన్నేళ్ళలో పోతుంది. ఇలా చేస్తే దాదాపు సగం బొగ్గులో నిలిచిపోతుంది, మట్టిలో చాలావరకు వందల ఏళ్ళు చెక్కుచెదరదు. అమెజాన్ అడవుల్లో వేల ఏళ్ళ కిందటి మనుషులు కలిపిన బొగ్గు నేటికీ అక్కడి నల్లమట్టిలో ఉంది. ఒక కిలో కార్బన్ మట్టిలో ఆగిందంటే 3.67 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలికి దూరమైనట్టే.

బొగ్గుని నేరుగా చల్లకండి. పచ్చి బొగ్గు మొదట్లో నేలలోని నత్రజనిని తనే పట్టేస్తుంది. పెంట, ఆవు మూత్రం కలిపి కొన్ని వారాలు నానబెట్టాకే వేయాలి. మేం ఎర్ర చెలకలో ఒక పట్టీకి వేశాం. వానలు మొహం చాటేసినప్పుడు పక్క పట్టీ వాడిపోయినా ఇది నిలబడింది. నాకు ఆ ఒక్క పట్టీ సాక్ష్యం చాలు. నల్లరేగడికి ఇంత తేడా రాదు, ఎర్ర నేలలకే దీని అవసరం ఎక్కువ.

చెట్లు నాటితే సరిపోదా అంటారు. నాటండి, సంతోషం. కానీ పెళ్ళిళ్ళలో రిటర్న్ గిఫ్ట్‌గా ఇచ్చే మొక్కల్లో ఎన్ని బతుకుతున్నాయి? పర్యావరణ దినం జూన్ 5న ఫొటో దిగిన మొక్కకి జూన్ 6న నీళ్ళు పోసేదెవరు? నేను తాండూరు వెళ్ళే దారిలోనే చేవెళ్ల మర్రిచెట్లు వస్తాయి. తరాల నాటి మానులు, వందల సంఖ్యలో. రోడ్డు వెడల్పు కోసం వాటికే ముప్పు వస్తే కేసు నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్ళాల్సి వచ్చింది. ఉన్న మర్రిని కాపాడుకోలేనివాళ్ళం కొత్త మొక్కల లెక్కలు చెప్పుకోవడం నాకు నచ్చదు. మా చింతల్‌లో అయితే ఊడ్చిన ఆకుల్ని ఇప్పటికీ తెల్లారుజామునే వీధి మూలన అంటిస్తారు. ఆస్తమా ఉన్న ముసలివాళ్ళు కిటికీలు మూసుకుని కూర్చుంటారు.

బయోచార్‌కి డబ్బు లేదనకండి. 2025 జనవరిలో గూగుల్ మన దేశంలోని వరాహ అనే సంస్థతో 2030లోగా లక్ష టన్నుల కార్బన్ డయాక్సైడ్ తొలగింపుని క్రెడిట్లుగా కొనడానికి ఒప్పందం చేసుకుంది. గుజరాత్‌లో సర్కారు తుమ్మని బయోచార్‌గా మార్చే పని అది. సర్కారు తుమ్మకే కొనేవాళ్ళుంటే కంది కట్టెకి ఎందుకుండరు? మన హైదరాబాద్ సంతోష్‌నగర్‌లో ఉన్న కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ (CRIDA) శాస్త్రవేత్తలు డ్రమ్ముతో చిన్న బట్టీ ఎప్పుడో తయారుచేశారు, పత్తి, కంది కట్టెల మీద పరీక్షించారు కూడా. అది రైతు వేదికల దాకా రావాలి. రెండెకరాల రైతు క్రెడిట్ల కోసం ఫొటోలు, ల్యాబ్ రిపోర్టులు, ఇంగ్లీషు ఫారాలు పట్టుకుని తిరగలేడు. ఊరికి నాలుగు బట్టీలు అద్దెకిచ్చి, కొలత పని వ్యవసాయ శాఖ చూసుకుని, డబ్బు రైతు ఖాతాలో వేయాలి. ట్రాక్టర్లకి సబ్సిడీ ఇవ్వగలిగిన ప్రభుత్వానికి ఇదేం పెద్ద ఖర్చు కాదు. వచ్చే శివరాత్రికి ముందే ఇది మొదలవ్వాలి, ఎందుకంటే ఆ తర్వాత కట్టె పొలంలో మిగలదు.