కిటికీ తెల్లగా, గది చీకటిగా వస్తుంటే

అన్నా, కడపలో అమ్మకానికి పెట్టిన ఇంటి హాలు తీస్తుంటే గది బాగా వస్తే కిటికీ తెల్లగా పోతోందని, కిటికీకి సరిచేస్తే గది చీకటవుతోందని రాశారు. కెమెరా తప్పేం లేదు. మన ఎండకీ లోపలి వెలుతురుకీ ఉన్న తేడా ఒక్క షాట్‌లో పట్టదు.

ట్రైపాడ్ మీద పెట్టి, ఐఎస్‌ఓ (వెలుతురుకి సెన్సర్ స్పందన) 100, ఎఫ్/8 (లెన్స్ రంధ్రం సైజు) కదపకుండా, షట్టర్ స్పీడ్ మాత్రమే మారుస్తూ రెండేసి స్టాపుల తేడాతో (ఒక స్టాపు అంటే వెలుతురు రెట్టింపు లేదా సగం) మూడు ఫోటోలు తీసి, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒకటిగా కలపండి. కిటికీ ఇంకా తెల్లగానే ఉంటే ఇంకో డార్క్ షాట్ చేర్చండి. పసుపు బల్బులు ఆర్పేయండి, లేకపోతే గోడలకు రెండు రంగులు పడతాయి. ఫ్లాష్ ఉంటే తెల్ల సీలింగ్ వైపు తిప్పండి.

అసలు ఇబ్బంది ఆ పాలిష్ చేసిన నల్ల కడప బండలతోనే. వెలుతురును మింగేస్తాయి, కిటికీ ప్రతిబింబం మాత్రం వాటి మీద మెరుస్తుంది. లెన్స్‌కి పోలరైజర్ (మెరుపును తగ్గించే ఫిల్టర్) పెట్టి మెల్లగా తిప్పి చూడండి, ఆ మెరుపు చాలావరకు తగ్గుతుంది. తూర్పు కిటికీ అయితే మధ్యాహ్నం తర్వాతే వెళ్లండి.