అబ్సింత్ అనే ఘాటైన మద్యం తాగితే నిజంగా భ్రమలు వస్తాయా? దాన్నెలా చేస్తారు, ఎలా తాగాలి?

భ్రమలేమీ రావు. నేను ఉద్యోగం కోసం స్విట్జర్లాండ్‌లోని నూషాటెల్‌లో ఉంటున్నాను. అబ్సింత్ పుట్టిల్లు వాల్ ద త్రావెర్ లోయ ఇక్కడికి దగ్గరే. అక్కడివాళ్లు దీన్ని తాగడం చాలాసార్లు చూశాను. నాలుగు గుక్కలు పడ్డాక అందరిలాగే గొంతు పెంచి మాట్లాడతారు, అంతే. పేరుకు 'ఆకుపచ్చ దేవకన్య' అంటారు గానీ, ఆవిడ ఎవరికీ కనిపించిన దాఖలా లేదు.

ఈ చెడ్డపేరుకు పెద్ద కారణం 1905లో జరిగిన ఒక హత్య కేసు. లాన్‌ఫ్రే అనే కూలీ భార్యనూ ఇద్దరు కూతుళ్లనూ కాల్చి చంపాడు. ఆ రోజు అతను లీటర్ల కొద్దీ వైన్, మధ్యలో బ్రాందీ కూడా తాగాడు. కానీ నింద మాత్రం ముందు తాగిన రెండు గ్లాసుల అబ్సింత్ మీద పడింది. 1908లో స్విస్ ప్రజలు ఓటేసి నిషేధించారు, 1910 నుంచి అది అమల్లోకి వచ్చింది. ఫ్రాన్స్ 1915లో నిషేధించింది. స్విట్జర్లాండ్‌లో మళ్లీ అనుమతి వచ్చింది 2005లో. మధ్యలో ఈ లోయవాళ్లు ఊరికే కూర్చోలేదు, ఇళ్లలో దొంగచాటుగా కాస్తూనే ఉన్నారు. అలా దొరికినవాళ్లను విచారించిన మోత్యే ఊరి కోర్టు భవనమే ఇప్పుడు అబ్సింత్ మ్యూజియం! వెళితే తప్పక చూడండి.

ఇందులో అసలు సరుకు వార్మ్‌వుడ్ అనే చేదు మొక్క. వినాయక చవితి పత్రిలో వాడే మాచిపత్రికి దగ్గరి చుట్టం. దాన్ని ఎండబెట్టి, సోంపు జాతి గింజలతో కలిపి, ఘాటైన ఆల్కహాల్‌లో నానబెడతారు. తర్వాత నీళ్లు చేర్చి రాగి బట్టీలో కాస్తారు. ఇక్కడే ఉంది కిటుకు. మొక్కలోని చేదు ఆవిరితో పైకి రాదు, అడుగునే ఉండిపోతుంది. వాసన మాత్రమే పైకొస్తుంది. అందుకే మంచి అబ్సింత్ నోటికి మరీ చేదుగా ఉండదు. అలా దిగింది నీళ్లలా తేటగా ఉంటుంది. దొంగ బట్టీల కాలం నుంచీ ఈ లోయవాళ్లు తాగేది ఎక్కువగా ఈ రకమే, 'లా బ్లూ' అంటారు. ఆకుపచ్చది కావాలంటే అందులో హిసోప్, నిమ్మ వాసన వేసే మెలిస్సా లాంటి ఆకులను మళ్లీ నానబెడతారు. ఆ రంగు ఆకుల పసరుదే.

తాగే పద్ధతికి వస్తే, ఇది 50 నుంచి 70 శాతం దాకా ఆల్కహాల్ ఉండే సరుకు. షాట్‌లా కొట్టేది కాదు. ఒక వంతుకు మూడు నుంచి ఐదు వంతుల చల్లటి నీళ్లు, అదీ చుక్కచుక్కగా పోయాలి. మొదట గ్లాసులో నూనె తీగల్లాంటి చారలు తిరుగుతాయి. తర్వాత అడుగు నుంచి తెల్లటి మబ్బు పైకి లేస్తుంది, పైన సన్నటి తేట గీత మిగులుతుంది. ఆ గీత మాయమయ్యేసరికి డెట్టాల్ నీళ్లలా తెల్లబడుతుంది. సోంపు నూనె ఆల్కహాల్‌లో కరుగుతుంది, నీళ్లు ఎక్కువైతే విడిపోతుంది, అదీ సంగతి. చక్కెర బిళ్లను చిల్లుల చెంచా మీద పెట్టడం ఫ్రాన్స్ అలవాటు. లా బ్లూకి నేనైతే వేసుకోను.

వీడియోల్లో చక్కెరకు నిప్పంటిస్తారే, అది 1990లలో చెక్ బార్లు మొదలుపెట్టిన షో. చక్కెర మాడి రుచి చెడుతుంది, పైగా గ్లాసులో ఉన్నది భగ్గున అంటుకునే సరుకు. వద్దు.

ఇక భ్రమల నింద మోసేది వార్మ్‌వుడ్‌లో ఉండే థుజోన్ అనే పదార్థం. బాగా ఎక్కువ మోతాదులో అది ఫిట్స్ తెప్పించగలదు, భ్రమలు కాదు. యూరప్‌లో కిలో అబ్సింత్‌కు థుజోన్ 35 మిల్లీగ్రాములు మించకూడదని నియమం ఉంది. ఆ లెక్కన థుజోన్ కన్నా చాలా ముందే ఆల్కహాల్ మిమ్మల్ని పడగొడుతుంది. అయినా ఫిట్స్ ఉన్నవాళ్లు దీని జోలికి పోకపోవడమే మంచిది.

కొనేటప్పుడు సీసా వెనక చూడండి, కృత్రిమ రంగు అని రాసి ఉంటే వదిలేయండి. సోంపు వాసన పడనివాళ్లు మాత్రం కొననే వద్దు, డబ్బు దండగ.